నెల బిల్లులో వార్త వాటా ఎంత?

పేపరు బిల్లు, కేబుల్ డబ్బులు, ఫోను రీఛార్జి. ఈ మూడూ మూడు వేర్వేరు చేతుల్లోకి పోతాయి కాబట్టి వీటిని ఒకచోట వేసి కూడే అలవాటు మన ఇళ్లలో లేదు. పేపరు ఏజెంటుకు ఇంటిపెద్ద ఇస్తాడు. కేబుల్ కుర్రాడు వస్తే వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చి ఇల్లాలు ఇస్తుంది. రీఛార్జి ఎవరి ఫోనుకు వాళ్లు చేసుకుంటారు, లేదంటే దుబాయిలో ఉన్న కొడుకు అక్కడినుంచే చేసేస్తాడు. బియ్యం కిలోకు రెండు రూపాయలు పెరిగితే ఆ రోజే పట్టేసే ఇల్లు, ఈ పద్దు కింద ఏడాదికి ఎంత పోయిందంటే మాత్రం తెల్లమొహం వేస్తుంది.

కూడి చూద్దాం. 2022లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఒక దినపత్రికకు నెలకు 200 రూపాయలని లెక్కగట్టి జీవో ఇచ్చింది. ఆ జీవో కథ తర్వాత. కేబుల్‌కు 2019లో అమల్లోకి వచ్చిన, టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ విధానం ప్రకారం నెట్‌వర్క్ రుసుము 130 రూపాయలు, 18 శాతం జీఎస్టీతో 153 రూపాయల 40 పైసలు. పెద్ద వినోద ఛానల్ ఒక్కోటి 19 రూపాయలైతే పన్నుతో 22 రూపాయల 42 పైసలు. అలాంటివి నాలుగు విడిగా తీసుకుంటే మొత్తం 243 తేలుతుంది. ఇక ఫోన్లు. 2024 జులైలో జియో తన 239 రూపాయల ప్లానును 299 చేసింది. అది 28 రోజులకే. క్యాలెండర్లో నెలలు 12, రీఛార్జిలు 13. ఏడాదికి 3,887, నెలకు 324. ఇంట్లో మూడు ఫోన్లుంటే 972. అన్నీ కలిపితే 1,415 రూపాయలు. ఇందులో ఓటీటీ లేదు, ఇంటి వై-ఫై లేదు.

కేంద్ర గణాంక శాఖ 2022-23లో జరిపిన గృహ వినియోగ వ్యయ సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్ గ్రామాల్లో తలసరి నెల ఖర్చు 4,870 రూపాయలు, తెలంగాణ పట్టణాల్లో 8,158. నలుగురున్న ఇంటికి మొదటి లెక్కన 19,480, రెండో లెక్కన 32,632. పైన చెప్పిన ధరలు ఒకే ఏడాదివి కావు కనుక స్థూలంగానే తీసుకోవాలి. పల్లెటూరి ఇంట్లో వందకు ఏడు రూపాయలు, పట్నం ఇంట్లో నాలుగు రూపాయల పైచిలుకు ఈ మూడు పద్దులకే పోతున్నాయి. అదీ సగటు ఇంటి సంగతి. కూలి డబ్బుల మీద నడిచే ఇంట్లో మొత్తం ఖర్చు ఇందులో సగమే ఉండొచ్చు, రీఛార్జి రేటు మాత్రం అందరికీ ఒకటే.

ఈ 1,415లో వార్త కోసం మనం ఇస్తున్నదెంత? పేపరుకు ఇచ్చే రెండొందలు తప్ప దాదాపు ఏమీ లేదు. ఆ రెండొందల్లోనూ విలేకరి చేతికి చేరేది వేళ్ల మీద లెక్కపెట్టేంత. వార్తల ఖరీదు మీద మన దగ్గర జరిగిన చర్చలన్నీ, అవి కోర్టుల్లోవి కానీ ట్రాయ్ సంప్రదింపుల్లోవి కానీ పత్రికల సంపాదకీయాల్లోవి కానీ, పాఠకుడు ఎంత కడుతున్నాడన్న దగ్గరే తిరిగాయి. కట్టిన డబ్బు ఎక్కడికి పోతోంది, కట్టని మిగతా డబ్బు ఎవరు కడుతున్నారు అన్నది అసలు ప్రశ్న. ఈ సమీక్ష ఆ దారి పట్టి నడుస్తుంది.

పేపరుతోనే మొదలుపెట్టాలి, ఎందుకంటే ధర గురించి మన న్యాయస్థానాలు లోతుగా ఆలోచించింది పేపరు విషయంలోనే. 1956లో పార్లమెంటు దినపత్రికల ధర–పేజీల చట్టం చేసింది. ఇన్ని పేజీలకు ఇంత ధర అని ప్రభుత్వం నిర్ణయిస్తుంది. డబ్బున్న పెద్ద పత్రికలు తక్కువ ధరకు ఎక్కువ పేజీలిచ్చి చిన్న పత్రికలను మింగేయకుండా చూడటం దాని ఉద్దేశం. 1960లో దాని కింద ఉత్తర్వు వచ్చింది. పుణె నుంచి వెలువడే మరాఠీ పత్రిక సకాల్ సుప్రీంకోర్టుకెళ్లింది. ధర పెంచితే పాఠకులు పోతారు, పేజీలు తగ్గిస్తే చెప్పాల్సింది తగ్గిపోతుంది, రెండు రకాలుగానూ వాక్ స్వాతంత్ర్యానికి దెబ్బే అని 1961లో కోర్టు చట్టాన్ని కొట్టేసింది. 1972లో బెనెట్ కోల్‌మన్ కేసులో న్యూస్‌ప్రింట్ కోటా పేరుతో పెట్టిన పది పేజీల పరిమితీ అదే దారి పట్టింది. పేపరు ధర పాఠకుడి హక్కుకు సంబంధించిన విషయమని కోర్టు గుర్తించడం గొప్పే. కానీ చట్టం ఏ ప్రమాదానికి భయపడిందో ఆ ప్రమాదం మాత్రం తర్వాత నిజంగానే వచ్చింది. 1990లలో టైమ్స్ ఆఫ్ ఇండియా ఢిల్లీలో ధర తగ్గించి పోటీ పత్రికలను తన లెక్కలోకి లాగింది. తెలుగులో 2008 మార్చి 24న సాక్షి 23 ఎడిషన్లతో, అన్ని పేజీలూ రంగుల్లో, రెండు రూపాయలకు వచ్చింది. పాఠకుడు సంబరపడ్డాడు. పడకేం చేస్తాడు!

రెండు రూపాయలకు రంగుల పేపరు ఎలా వచ్చిందన్న ప్రశ్న మాత్రం పాఠకుడు అడగలేదు. ఒక చిన్న లెక్క చాలు. జిల్లా పేజీలతో కలిపి ఒక తెలుగు దినపత్రిక తూగేది దాదాపు 100 గ్రాములు. న్యూస్‌ప్రింట్ కిలో 60 రూపాయలకు కొన్నారనుకున్నా ఒక్క కాపీకి కాగితమే 6 రూపాయలు. నెలకు 200 అంటే రోజుకు 6 రూపాయల 66 పైసలు. అందులో ఏజెంటు కమీషను సాధారణంగా నాలుగో వంతు నుంచి మూడో వంతు దాకా ఉంటుంది. అది తీసేస్తే యాజమాన్యానికి మిగిలేది మహా అయితే 5 రూపాయలు. అంటే సిరా, కరెంటు, ప్రెస్సు, వ్యాను, జీతాలు ఏవీ లెక్కేయకముందే పాఠకుడి డబ్బు అయిపోయింది. మనం కొంటున్నది కాగితం. అందులో కొంత తిరిగొస్తుంది కూడా. నెలకు మూడు కిలోల చొప్పున అటక మీద పేర్చి, పాత పేపర్లు కొనేవాడు వీధిలోకి వచ్చినప్పుడు కాటా మీద పెడితే పాల డబ్బులకు సరిపోతుంది. వాడు కాటాలో ఎంత కొట్టేస్తాడన్నది వేరే సమీక్షకు పనికొచ్చే విషయం.

కాగితం ధర మన చేతిలో లేదు. నాణ్యమైన న్యూస్‌ప్రింట్‌లో చాలా భాగం దిగుమతే. 2019 జులై బడ్జెట్‌లో కేంద్రం దాని మీద 10 శాతం కస్టమ్స్ సుంకం వేసింది, గగ్గోలు పుట్టాక 2020 ఫిబ్రవరిలో 5 శాతానికి దించింది. అంతలో కోవిడ్ వచ్చింది. పేపరు మీద వైరస్ ఉంటుందన్న భయంతో అపార్ట్‌మెంట్ల గేట్ల దగ్గరే పేపర్ బాయ్‌లను ఆపేశారు. అప్పుడు ఆపినవాళ్లలో చాలామంది మళ్లీ వేయించుకోలేదు. ఆంధ్రభూమి అచ్చు ఆగిపోయింది. నాలుగు దశాబ్దాలు నడిచిన విపుల, చతుర 2021లో మూతపడ్డాయి. ఆ తర్వాత 2022లో యుక్రెయిన్ యుద్ధంతో న్యూస్‌ప్రింట్ రేటు కోవిడ్ ముందునాటితో పోలిస్తే రెట్టింపు దాకా పోయింది.

మరి మిగతా ఖర్చు ఎవరు పెట్టుకుంటున్నారు? దేశంలో ముద్రణా పత్రికల ఆదాయంలో స్థూలంగా మూడింట రెండొంతులు ప్రకటనలది. తెలుగులో ఈ ఏర్పాటుకు ఒక ప్రత్యేకమైన రూపముంది. 1974 ఆగస్టు 10న విశాఖపట్నంలో పుట్టిన ఈనాడు, 1989 నుంచి జిల్లాకొక టాబ్లాయిడ్ ఇవ్వడం మొదలుపెట్టింది. ఊళ్లో బోరు చెడిపోయిన వార్త, పక్క ఊళ్లో పెళ్లి బస్సు బోల్తా పడిన వార్త అందులో వచ్చాయి. వాటి పక్కనే జిల్లా కేంద్రంలోని బట్టల కొట్టు, కోచింగ్ సెంటరు, నర్సింగ్ హోము ప్రకటనలూ వచ్చాయి. ఆస్ట్రేలియా పండితుడు రాబిన్ జెఫ్రీ 2000లో ప్రచురించిన భారతీయ పత్రికల అధ్యయనంలో ఈనాడుకు పెద్దపీట వేసింది ఇందుకే. ఈ పద్ధతిని ఇతర భాషల పత్రికలూ అందుకున్నాయి.

ఈ జిల్లా పేజీలను నింపేవాడు మండల విలేకరి. వాడికి చాలా చోట్ల జీతముండదు. లైన్ అకౌంట్ ఉంటుంది. అంటే రాసినదాంట్లో అచ్చయిన మేరకు కొలిచి ఇచ్చే డబ్బు. అది బండి పెట్రోలుకూ చాలదు. దాంతో పాటు పంద్రాగస్టుకు, సంక్రాంతికి, ఎమ్మెల్యే పుట్టినరోజుకు ఇన్ని వేల ప్రకటనలు తేవాలన్న టార్గెట్ ఉంటుంది, దాని మీద కమీషనుంటుంది. పొద్దున సర్పంచి మీద వార్త రాసి సాయంత్రం ఆయన దగ్గరికే శుభాకాంక్షల ప్రకటనకు వెళ్లాల్సిన మనిషి ఏం రాస్తాడో ఊహించడానికి పరిశోధన అక్కర్లేదు. అయినా పరిశోధన జరిగింది. 2009 ఎన్నికల్లో డబ్బు తీసుకుని వార్తలుగా అచ్చేసిన ప్రచారం గురించి ఇక్కడి వర్కింగ్ జర్నలిస్టుల సంఘమే పశ్చిమ గోదావరి జిల్లాలో నమూనాగా లెక్క తీసింది. ఆ తర్వాత ప్రెస్ కౌన్సిల్ తరఫున పరంజయ్ గుహ ఠాకుర్తా, కె. శ్రీనివాస్ రెడ్డి 2010లో నివేదిక తయారుచేశారు. పేర్లతో సహా ఉన్న ఆ నివేదికను పూర్తిగా బయటపెట్టడానికి కౌన్సిలే వెనకాడింది. చవక పేపరు ఖరీదు పాఠకుడు ఎక్కడ కట్టాడో ఆ నివేదికలో కనిపిస్తుంది. డబ్బు రూపంలో కట్టనిది నమ్మకం రూపంలో కట్టాడు.

ఇప్పుడు జీవో సంగతి. 2022 జూన్‌లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం గ్రామ, వార్డు వాలంటీర్లకు విస్తృత సర్క్యులేషన్ ఉన్న దినపత్రిక కొనుక్కోవడానికి నెలకు 200 రూపాయలు మంజూరు చేసింది. అప్పట్లో వాలంటీర్లు రెండున్నర లక్షలకు పైమాటే. నెలకు 5 కోట్ల రూపాయల పైన ఖజానా డబ్బు. ప్రభుత్వ పథకాల మీద జనానికి అవగాహన కల్పించాలంటే వాలంటీరు పేపరు చదవాలి కదా అన్నది సర్కారు వాదన. అప్పటి ముఖ్యమంత్రి కుటుంబానికి చెందిన సాక్షికి కాపీలు పెంచడానికే ఈ ఏర్పాటని ఈనాడు యాజమాన్యం హైకోర్టుకెక్కింది. 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆ కేసును ఢిల్లీ హైకోర్టుకు బదిలీ చేసింది. ఎవరి వాదన నెగ్గాలన్నది అటుంచి, నన్ను ఆపేసింది వేరే విషయం. ఇంటింటికీ వార్త అందే ఖర్చును ప్రభుత్వం భరించాలన్న ఆలోచన చెడ్డది కాదు, యూరప్‌లో కొన్ని దేశాలు పత్రికలకు సబ్సిడీలిస్తూనే ఉన్నాయి. మన దగ్గర ఆ ఆలోచన మొదటిసారి ఇంత పెద్ద ఎత్తున అమలైనప్పుడు అది పౌరుడి చేతికి కాక, ప్రభుత్వం తానే నియమించుకున్న మనిషి చేతికి వెళ్లింది.

టీవీ దగ్గరికొస్తే లెక్క తలకిందులవుతుంది. అసలు ప్రసారాలకు ఇల్లు నేరుగా డబ్బు కట్టిన రోజులు కూడా మనకున్నాయి. పోస్టాఫీసులో రేడియో లైసెన్సు పుస్తకం తీసుకుని, ఏటా 15 రూపాయలు కట్టి స్టాంపు వేయించుకున్న తరం ఇంకా ఉంది. టీవీకి 50 రూపాయలు. లైసెన్సు లేని రేడియో పట్టుకుంటే జరిమానా. 1985లో ఈ లైసెన్సులు రద్దయ్యాయి. జనం ఊపిరి పీల్చుకున్నారు. అయితే ఆ రోజుతో శ్రోతకూ ఆకాశవాణికీ మధ్య ఉన్న ఒకే ఒక్క డబ్బు సంబంధం తెగిపోయింది. అప్పటినుంచి ఆ సంస్థ ప్రధానంగా ఢిల్లీ బడ్జెట్ మీదే ఆధారపడింది. బ్రిటన్‌లో లైసెన్సు రుసుము మీద బీబీసీ నిలబడింది. మన దగ్గర ఆ రుసుము నేరుగా సర్కారు ఖజానాకు పోయేది కాబట్టి దాన్ని ఎవరూ తమదనుకోలేదు.

కేబుల్ వచ్చాక డబ్బు దారి మళ్లింది. వీధి చివర గదిలో డిష్షు పెట్టుకున్న కుర్రాడు నెలకు ఎంత చెబితే అంత. హైదరాబాద్, విశాఖ 2013లో డిజిటల్ అయ్యాయి, పల్లెలు 2017కల్లా. ప్రతి ఇంటికీ బాక్సు తప్పనిసరైంది. 2019లో ట్రాయ్ కొత్త విధానం వచ్చింది. చూసే ఛానళ్లకే కట్టండి అన్నది దాని నినాదం. ఆచరణలో చాలా ఇళ్లకు బిల్లు పెరిగింది. తర్వాత 2020లో, 2022లో సవరణలు జరిగాయి. 2024 జులైలో నెట్‌వర్క్ రుసుము మీదున్న గరిష్ఠ పరిమితినే ఎత్తేశారు. ఆ పత్రాలన్నీ వరసగా చదివితే ట్రాయ్ ఆలోచన అంతా వినోదపు ధర చుట్టూ తిరిగిందని తెలుస్తుంది. 19 రూపాయలా, 12 రూపాయలా, కట్టలో ఎంత తగ్గింపు. వార్తా ఛానల్ ఎలా బతకాలన్న ప్రశ్న పక్కనే ఉండిపోయింది.

తెలుగు వార్తా ఛానళ్లలో అత్యధికం ఫ్రీ టు ఎయిర్. అంటే ప్రేక్షకుడు వాటికి పైసా ఇవ్వడు. మనం కట్టే 153 తీగకు, 90 సీరియళ్లకు. వార్తకు సున్నా. పైగా తీగ మీద చోటు దొరకడానికి వార్తా ఛానలే కేబుల్ పెద్ద సంస్థలకు క్యారేజ్ ఫీజు కడుతుంది. ప్రేక్షకుడూ తీగవాడికే కట్టాడు, ఛానలూ తీగవాడికే కట్టింది. రెండు వైపుల నుంచీ డబ్బు మధ్యలో ఆగిపోయాక స్టూడియోలో మిగిలేది నలుగురిని కూర్చోబెట్టి అరిపించే చర్చ. విలేకరిని ఉద్దానం లాంటి మారుమూలకు పంపడం కంటే అది చాలా చవక. రియల్ ఎస్టేట్ యజమానులు, పార్టీల మనుషులు నష్టాలొచ్చే వార్తా ఛానళ్లను ఎందుకు నడుపుతారన్నది తెలుగువాడికి ఒకరు చెప్పాల్సిన పని లేదు.

తీగ చేతిలో ఉన్నవాడి బలం ఎంతో మూడు సందర్భాల్లో చూశాం. 2014 జూన్‌లో తెలంగాణ ఏర్పడిన రెండు వారాలకు అక్కడి కేబుల్ సంస్థలు టీవీ9, ఏబీఎన్ ప్రసారాలను ఆపేశాయి, అవి నెలల తరబడి రాలేదు. 2019లో ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వం మారాక రాష్ట్ర ప్రభుత్వ ఫైబర్‌నెట్‌లో టీవీ5, ఏబీఎన్ మాయమయ్యాయి, గొడవ టెలికాం ట్రైబ్యునల్ దాకా వెళ్లింది. 2024లో మళ్లీ ప్రభుత్వం మారింది, ఈసారి టీవీ9, ఎన్టీవీ, సాక్షి వంతు. టీవీ9ను పునరుద్ధరించమని ఢిల్లీ హైకోర్టు 15 కేబుల్ సంస్థలను ఆదేశించాల్సి వచ్చింది. మూడు ప్రభుత్వాలు, మూడు వేర్వేరు పార్టీల నాయకత్వం. ఛానల్ ఆగిన నెలలో కేబుల్ బిల్లు తగ్గిన ఇల్లు నాకు తెలిసి ఒక్కటీ లేదు.

పోనీ తీగను ప్రభుత్వమే వేస్తే? 2017 డిసెంబరులో ఏపీ ఫైబర్‌నెట్ నెలకు 149 రూపాయలకే ఇంటర్నెట్, ఫోను, 250 ఛానళ్లు అంటూ మొదలైంది. ఆ ధర నిలవలేదు, పైగా పైన చెప్పిన మాయం కథ జరిగింది ఆ తీగ మీదే. 2004లో మొదలైన డీడీ ఫ్రీడిష్ మాత్రం దేశంలో నాలుగు కోట్లకు పైగా ఇళ్లకు చేరిందని అంచనా. ఒకసారి డిష్షు, బాక్సు కొనుక్కుంటే నెల నెలా కట్టేదేమీ లేదు. పేద ఇంటికి ఇంతకంటే మంచి బేరం లేదు, ఒక్క చిక్కు తప్ప. అందులో చోటును వేలం పాడతారు, పాడేవాళ్లలో ఎక్కువమంది హిందీ ఛానళ్ల వాళ్లు. బిహార్ పల్లెలో ఫ్రీడిష్ పెట్టుకున్న ఇంటికి దొరికేంత ఎంపిక, ప్రకాశం జిల్లా పల్లెలో దొరకదు.

ఇక ఫోను. దాని గురించి రాసినవాళ్లంతా ఒక్క అంకె చూపిస్తారు. 2014లో ఒక జీబీ డేటా సగటున 269 రూపాయలు, ఇప్పుడు పది రూపాయల చుట్టుపక్కల. 2016 సెప్టెంబరు 5న జియో వచ్చి ఉచితంగా పంచాక జరిగిన మార్పు ఇది. ప్రపంచంలో అతి చవక డేటా దొరికే దేశాల్లో మనదొకటని మంత్రులు చెప్పుకుంటారు, తప్పేమీ లేదు. కానీ ఇల్లు జీబీ లెక్కన కొనదు, 28 రోజుల లెక్కన కొంటుంది. రోజుకు ఒకటిన్నర జీబీ ఇచ్చి అర్ధరాత్రికి మిగిలింది మాయం చేసే ప్లానులో ఒక జీబీ ఎంత పడిందన్నది కంపెనీ లెక్క. ఫోను బతికుండాలంటే కనీసం ఎంత కట్టాలన్నది ఇంటి లెక్క. ఆ కనీసం పెరుగుతూ పోతోంది. 2025 ఆగస్టులో రోజుకు ఒక జీబీ ఇచ్చే 249 రూపాయల ప్లానునూ పెద్ద కంపెనీలు తీసేశాయి. డేటా అక్కర్లేని ముసలివాళ్ల చేత కూడా డేటా కొనిపిస్తున్నారన్న గోల చాలాకాలం సాగాక, మాటలకు మాత్రమే పనికొచ్చే రీఛార్జి తప్పక ఇవ్వాలని ట్రాయ్ 2024 డిసెంబరులో చెప్పింది.

ఇంట్లో ఫోను ఉన్నంత మాత్రాన ఇంట్లో అందరికీ వార్త అందినట్టు కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో ఎప్పుడైనా ఇంటర్నెట్ వాడిన మహిళలు 21 శాతం, పురుషులు 48.8 శాతం. తెలంగాణలో 26.5, 57.4. తర్వాత ఈ అంకెలు పెరిగే ఉంటాయి. అంతరం మాత్రం కుటుంబ బడ్జెట్ ఎలా పనిచేస్తుందో చెబుతుంది. డబ్బు చాలని నెలలో ముందు ఆగేది అమ్మ ఫోను రీఛార్జి. పేపరుకు ఉన్న సుగుణం ఇక్కడ గుర్తుకొస్తుంది. ఒక కాపీ కొంటే నాన్న రాజకీయాలు, అమ్మ ఆదివారం పుస్తకం, పిల్లలు సినిమా పేజీ, తర్వాత పక్కింటివాళ్లు. అదే కాపీ టీ కొట్టులో ఉంటే యాభైమంది. ఫోను అలా చేతులు మారదు.

ఫోనులో దొరికే వార్తకు కూడా ఇల్లు కట్టేది సున్నాయే. 2020 లాక్‌డౌన్‌లో వాట్సాప్ గ్రూపుల్లో పొద్దున్నే పేపరు పీడీఎఫ్‌లు తిరగడం మొదలైంది. దైనిక్ జాగరణ్ యాజమాన్యం టెలిగ్రామ్ మీద ఢిల్లీ హైకోర్టుకు వెళ్లి ఉత్తర్వు తెచ్చుకుంది, అయినా పీడీఎఫ్‌ల ప్రవాహం ఆగలేదు. డబ్బు కట్టి చదువుదామనుకున్నవాడిని పన్ను వెనక్కి నెడుతుంది. అచ్చు పేపరు మీద జీఎస్టీ లేదు, అదే వార్తను డిజిటల్ చందా కట్టి చదివితే 18 శాతం. చెట్టు కొట్టి చేసిన కాగితానికి మినహాయింపు, అక్షరానికి పన్ను! ఇక ఉచిత వార్తల పక్కన వచ్చే ప్రకటనల సొమ్ములో న్యాయమైన వాటా గూగుల్ ఇవ్వడం లేదని డిజిటల్ వార్తా ప్రచురణకర్తలు ఫిర్యాదు చేస్తే, 2022 జనవరిలో కాంపిటీషన్ కమిషన్ విచారణకు ఆదేశించింది. ఈలోగా నియోజకవర్గానికి పదేసి యూట్యూబ్ ఛానళ్లు పుట్టుకొచ్చాయి. లోగో మైకు, ఒక ఫోను, ఎర్ర అక్షరాల థంబ్‌నైల్. వాటిలో కొన్ని పేపర్లు తాకని ఊరి సంగతులు బయటపెడుతున్నాయి, ఆ మాట ఒప్పుకోవాలి. ఎక్కువ భాగం ఎవరికి పనిచేస్తాయో థంబ్‌నైల్‌లోనే తెలిసిపోతుంది.

చందా కట్టించుకుంటే అన్నీ చక్కబడతాయన్న వాదన ఇప్పుడు బలంగా వినిపిస్తోంది. పాఠకుడు కడితే యజమానికి ప్రకటనకర్త మీద, పార్టీ మీద మోజు తగ్గుతుందని. ఇంగ్లీషు సైట్లలో కొన్ని అలా నిలబడ్డాయి కూడా. తెలుగులో నాకు అంత నమ్మకం లేదు. పై లెక్కలో 1,415 ఇప్పటికే కడుతున్న ఇంటిని ఇంకో 100 అడిగితే, ఇవ్వగలిగేది కూకట్‌పల్లి, మధురవాడ గేటెడ్ ఇళ్లు. నికార్సయిన వార్త వాళ్లకు, థంబ్‌నైల్ మిగతా ఊరికి అన్న పంపకం జరుగుతుంది. సమస్య ఇల్లు కట్టకపోవడం కాదు. కట్టిన వందలో దాదాపు ఎనభై తీగకు, టవరుకు పోవడం.

అందుకే ఈ చర్చలో ఎవరూ పట్టించుకోని రెండు పాత సాధనాల దగ్గరికి నేను మళ్లీ మళ్లీ వస్తాను. మొదటిది రేడియో. ధర లేదు, చదువు అక్కర్లేదు, కరెంటు లేకపోయినా నడుస్తుంది. గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని 1995లో సుప్రీంకోర్టు చెప్పింది. అయినా ఇవాళ హైదరాబాద్‌లో, విజయవాడలో ప్రైవేటు ఎఫ్ఎం స్టేషను రోజంతా పాటలు వేయొచ్చు, జోకులేయొచ్చు, సొంతంగా వార్తలు మాత్రం చదవకూడదు. 2011 విధానం ప్రకారం ఆకాశవాణి బులెటిన్‌ను మార్చకుండా వినిపించడమే అనుమతి. టీవీలో ఎవరేమైనా అరవొచ్చు, యూట్యూబ్‌లో ఎవరేమైనా పెట్టొచ్చు, అన్నిటికంటే చవకైన మాధ్యమానికే ఈ తాళం. గంటకు పది నిమిషాల వార్తలకు అనుమతివ్వాలని ట్రాయే 2023 సెప్టెంబరులో సిఫారసు చేసింది. జహీరాబాద్ దగ్గర మాచనూరులో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ ఆధ్వర్యంలో దళిత మహిళలు 2008 నుంచి సంఘం రేడియో నడిపి చూపించారు. విత్తనాలు, వానలు, పండగలు, ఊరి ముచ్చట్లు వాళ్ల యాసలోనే. తమ మండలాఫీసులో ఏం జరిగిందో వార్తగా చదివే హక్కు వాళ్లకూ లేదు.

రెండోది గ్రంథాలయం. పేపరు కొనలేని ఇంటికి వార్త అందించే ఏర్పాటు తెలుగువాళ్లు వందేళ్ల కిందటే చేసుకున్నారు. హైదరాబాద్‌లో 1901లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం, వేటపాలెంలో 1918లో సారస్వత నికేతనం. 1935లో పెదవడ్లపూడి, కొల్లూరు మధ్య కృష్ణా కాలువ మీద పాతూరి నాగభూషణం పడవలో గ్రంథాలయం నడిపించారు. ఇప్పటికీ పల్లెటూరి శాఖా గ్రంథాలయంలో పొద్దున ఎనిమిదింటికి వెళ్తే బల్ల చుట్టూ మధ్యవయసు వాళ్లు, గ్రూపు పరీక్షలకు చదివే పిల్లలు కనిపిస్తారు. పేపరును షీట్లు షీట్లుగా విడదీసుకుని, ఒకరి షీటు అవ్వగానే ఇంకొకరికి అందిస్తూ. మధ్య పేజీ కోసం క్యూ. పోటీ పరీక్షల పేజీ ఎవరో చింపుకుపోయారని లైబ్రేరియన్ కేకలు.

ఈ బల్లకు మనం డబ్బు కడుతూనే ఉన్నాం. 1960 గ్రంథాలయాల చట్టం ప్రకారం ఆస్తిపన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు. స్థానిక సంస్థ వసూలు చేసి జిల్లా గ్రంథాలయ సంస్థకు జమ చేయాలి. చేయకుండా వాడేసుకున్న బకాయిల గోడు రెండు రాష్ట్రాల్లోనూ ఏటా వినిపించేదే. పన్ను డిమాండ్ నోటీసులో ఈ సెస్సుకు విడిగా వరస ఉంటుంది. ఏడాదికి 3,000 రూపాయల ఇంటిపన్ను కట్టే ఇల్లు ఇచ్చేది 240, నెలకు 20 రూపాయలు. ఒక్క సీరియళ్ల ఛానల్ కంటే 2 రూపాయల 42 పైసలు తక్కువ. మీ ఊళ్లో వసూలైన సెస్సు గ్రంథాలయానికి చేరిందా లేదా అన్నది సమాచార హక్కు చట్టం కింద అడగొచ్చు. గ్రామ పంచాయతీలో దరఖాస్తుకు రుసుమే లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆ పైన 10.